గన్నవరం–కడప విమాన మార్గం: దూరం, ప్రయాణ సమయం

గన్నవరం–కడప విమాన మార్గం ఆంధ్రప్రదేశ్‌లోని రెండు విమానాశ్రయాలను కలుపుతుంది. ఒకటి కృష్ణా జిల్లా గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం, రెండోది రాయలసీమలోని కడప విమానాశ్రయం. రెండింటి మధ్య సరళరేఖ మీద దూరం సుమారు 312 కిలోమీటర్లు, అంటే దాదాపు 168 నాటికల్ మైళ్లు. ఆ రేఖలో సగానికి పైగా గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాల మీదుగానే సాగుతుంది. ఏటీఆర్ 72 తరగతి టర్బోప్రాప్ విమానం ఈ దూరాన్ని పూర్తి వేగంతో దాటడానికి 37 నిమిషాలు చాలు. కానీ ఒక విమానాశ్రయంలో కదలడం మొదలుపెట్టి రెండో చోట ఆగేదాకా గంటకు పైగా పడుతుంది. ప్రయాణికుడు ఇల్లు విడిచి గమ్యం చేరేసరికి నాలుగైదు గంటలు కావచ్చు. ఈ మూడు అంకెల మధ్య తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే ప్రాంతీయ విమానయానం ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి చేయదో తెలుస్తుంది. తక్కువ దూరపు విమాన మార్గంలో కాలాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఆకాశంలోని దూరం కాదనీ, నేల మీద ఉన్న రెండు కొసలనీ ఈ మార్గం లెక్కలు చూపుతాయి.

నిర్వచనాలు, కొలతలు

రెండు విమానాశ్రయాల మధ్య దూరం అన్నప్పుడు సాధారణంగా మహావృత్త దూరాన్ని చెబుతారు. భూగోళం ఉపరితలం మీద రెండు బిందువులను కలిపే అతి పొట్టి దారి అది. ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశ రేఖాంశాలతో గుర్తించిన ఒక నిర్దేశ బిందువు ఉంటుంది. గన్నవరానిది సుమారు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం. కడపది సుమారు 14.51, 78.77 డిగ్రీలు. అంటే కడప గన్నవరానికి రెండు డిగ్రీలు దక్షిణాన, రెండు డిగ్రీలు పడమరన ఉంది. దిశ దాదాపు సరిగ్గా నైరుతి. భూమి సగటు వ్యాసార్థాన్ని 6,371 కిలోమీటర్లుగా తీసుకుని లెక్కిస్తే 312 కిలోమీటర్లు వస్తుంది. వైమానిక రంగంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు.

మహావృత్త దూరం ఒక గణిత పరిమాణం. విమానం నిజంగా ఎగిరే దారి దానికంటే కొంత ఎక్కువ ఉంటుంది. రన్‌వే ఏ దిశలో ఉంటే విమానం ఆ దిశలోనే పైకి లేవాలి, ఆపై నిర్దేశించిన మలుపులు తిరిగి మార్గంలో కలవాలి. దిగేటప్పుడు కూడా రన్‌వేకు ఎదురుగా వరుస కట్టాలి. ఇలా ఎగిరిన మొత్తం దారిని ఈ వ్యాసంలో గగన మార్గ దూరం అంటున్నాం. కాలానికి కూడా మూడు కొలతలున్నాయి. చక్రాలు నేలను విడిచినప్పటి నుంచి తిరిగి తాకేదాకా పట్టేది ఎగిరే సమయం. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, రెండో చోట పూర్తిగా ఆగేవరకు పట్టేది బ్లాక్ సమయం. టికెట్ మీద కనిపించే బయలుదేరే, చేరే వేళల మధ్య ఉన్నది ఇదే. ఇంటి నుంచి గమ్యం దాకా పట్టేది మొత్తం ప్రయాణ సమయం. సాధారణ చర్చల్లో ఈ మూడింటినీ కలిపేయడం వల్లే విమానాశ్రయాల గురించి పొరపాటు అంచనాలు పుడుతుంటాయి.

మార్గం కింది భూభాగం

పటం మీద గన్నవరం నుంచి కడపకు రేఖ గీస్తే అది కృష్ణా నదిని దాటి, పసుపు మార్కెట్‌కు పేరున్న దుగ్గిరాల సమీపంగా గుంటూరు ప్రాంతంలోకి వస్తుంది. తర్వాత 1921–22లో పన్నుల నిరాకరణ ఉద్యమం నడిచిన పెదనందిపాడు, నల్లరేగడి భూముల పర్చూరు, కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి మీది మేదరమెట్ల, గ్రానైట్ గనుల చీమకుర్తి దరిదాపుల నుంచి సాగుతుంది. అక్కడి నుంచి మెట్ట ప్రాంతమైన పామూరు, ఉదయగిరి వైపు వెళ్లి, వెలిగొండలు దాటి, బద్వేలు సమీపంగా పెన్నా లోయలోని కడపకు చేరుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పంపే ఊళ్లు, చిలకలూరిపేట చుట్టుపక్కల జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులు ఈ రేఖకు అటూఇటూ ఉన్నాయి. ఈ భూభాగం పాలనపరంగా చాలాసార్లు మారింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి తర్వాత ప్రకాశం పేరు పొందింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నప్పుడు పాత సరిహద్దుల ప్రాంతాన్ని ఉద్దేశించాం.

రేఖ మొదటి సగం చదునైన నేల. రెండో సగంలో కొండలు అడ్డువస్తాయి. నల్లమల, వెలిగొండ వరుసలు కోస్తా మైదానాన్ని కడప లోయ నుంచి వేరు చేస్తున్నాయి. విమానానికి ఇవి పెద్ద ఆటంకం కావు. రోడ్డూ రైలూ మాత్రం కనుమల కోసం చుట్టు తిరగాల్సి వస్తుంది. ఈ మార్గంలో విమానానికి ఉన్న సహజమైన ఆధిక్యం ఇదే. దాని పరిమాణాన్ని కింది భాగం కొలుస్తుంది.

దూరాల తులన: గగనం, రోడ్డు, రైలు

విజయవాడ నుంచి కడపకు రోడ్డు దూరం ఎంచుకున్న దారిని బట్టి సుమారు 370 నుంచి 400 కిలోమీటర్లు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా వెళ్లే దారి దగ్గర, కానీ వేగం తక్కువ. రైలు దారి ఇంకా పెద్దది. గూడూరు, రేణిగుంట మీదుగా వెళ్తే సుమారు 500 కిలోమీటర్లు. రైలు మొదట తీరం వెంట దక్షిణానికి దిగి, తర్వాత పడమరకు, ఆపై వాయవ్యానికి తిరుగుతుంది. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం ప్రారంభమయ్యాక గుంటూరు, నంద్యాల మీదుగా మరో దారి ఏర్పడింది. అదీ దాదాపు 450 కిలోమీటర్లు ఉంటుంది. సరళరేఖను ఒకటిగా తీసుకుంటే రోడ్డు 1.2 నుంచి 1.3 రెట్లు, రైలు దాదాపు 1.4 నుంచి 1.6 రెట్లు.

ఇదే మైదానం నుంచి మొదలయ్యే మరో మార్గంతో పోలిస్తే భౌగోళిక ప్రభావం తేటపడుతుంది. గన్నవరం నుంచి తిరుపతి సమీపంలోని రేణిగుంట విమానాశ్రయానికి సరళ దూరం సుమారు 350 కిలోమీటర్లు. ఆ రేఖ తెనాలి, బాపట్ల సమీపంగా వెళ్లి ప్రకాశం తీరం పొడవునా సముద్రం మీదుగా సాగి, కావలి దగ్గర తిరిగి నేల మీదికి వస్తుంది. రైలు కూడా దాదాపు అదే తీరం వెంట వెళ్తుంది కాబట్టి విజయవాడ–తిరుపతి రైలు దూరం సుమారు 385 కిలోమీటర్లే, అంటే సరళరేఖకు 1.1 రెట్లు మాత్రమే. తిరుపతి దూరమైనా రైలుకు దగ్గర, కడప దగ్గరైనా రైలుకు దూరం. అందుచేత ఒక విమాన మార్గం అవసరాన్ని తూచేటప్పుడు గగన దూరం ఒక్కటే చూస్తే చాలదు, నేల మీది దారి దానికి ఎన్ని రెట్లుందో చూడాలి. ఈ కొలమానం ప్రకారం కడప మార్గానికి తిరుపతి మార్గం కంటే బలమైన ఆధారం ఉంది.

చరిత్ర

గన్నవరంలోని విమాన క్షేత్రం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాలకు ఉపయోగపడింది. ప్రకాశం జిల్లా దొనకొండలో కూడా బ్రిటిష్ కాలపు విమాన క్షేత్రం ఉంది. దాన్ని పునరుద్ధరించాలన్న ప్రతిపాదన చాలాసార్లు చర్చకు వచ్చింది. స్వాతంత్ర్యానంతరం విమానయానం చాలాకాలం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది. 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయ్యాకే ప్రైవేటు సంస్థల రాకకు దారి పూర్తిగా తెరుచుకుంది. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్–విజయవాడ మధ్య సర్వీసులు మొదలుపెట్టడంతో గన్నవరానికి కొత్త దశ వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన జరిగి, రాజధాని ప్రాంతం అమరావతిగా నిర్ణయమయ్యాక ఆ విమానాశ్రయం పాత్ర పెరిగింది. రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పొడిగించారు.

కడప విమానాశ్రయం నుంచి 2015 జూన్‌లో సర్వీసులు ప్రారంభమయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో ఉడాన్ పేరుతో ప్రాంతీయ అనుసంధాన పథకాన్ని ప్రకటించింది. ఆ పథకం కింద 2017 ఏప్రిల్ 27న దేశంలో తొలిగా మొదలైన సర్వీసుల్లో సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్‌లతో పాటు కడప–హైదరాబాద్ కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ట్రూజెట్ సంస్థ ఏటీఆర్ విమానాలతో దాన్ని నడిపింది, తర్వాత కడపను విజయవాడతోనూ కలిపింది. ట్రూజెట్ సేవలు ఆగిపోయాక 2022 మార్చి చివరి వారంలో ఇండిగో సంస్థ కడప నుంచి విజయవాడతో సహా పలు నగరాలకు సర్వీసులు ప్రారంభించింది. వాటికి రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ నిధి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. సంస్థలు మారాయి, విరామాలు వచ్చాయి. రెండుసార్లూ మార్గం మొదలవడానికి ప్రభుత్వ సాయం తోడైందన్నది గమనించాల్సిన అంశం. (చూ. ఆర్థిక అమరిక.)

బ్లాక్ సమయం ఎలా ఏర్పడుతుంది

ఏటీఆర్ 72-600 గరిష్ఠ విహార వేగం గంటకు సుమారు 510 కిలోమీటర్లు. ఆ లెక్కన 312 కిలోమీటర్లకు 37 నిమిషాలు. కానీ విమానం ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు ఆ వేగం ఉండదు. ఎక్కే దశలో తగ్గిన వేగం వల్ల నాలుగైదు నిమిషాలు, రన్‌వే దిశకు తగ్గట్టు తిరగడానికీ వరుస కట్టడానికీ ఆరేడు నిమిషాలు కలుస్తాయి. రెండు చోట్లా నేల మీద నడిచే సమయం మొత్తం పది, పన్నెండు నిమిషాలు. ఇవన్నీ కలిపితే గంట అవుతుంది. అనుకోని ఆలస్యాలకు వెసులుబాటుగా సంస్థలు మరికొన్ని నిమిషాలు చేర్చి వేళలు ప్రకటిస్తాయి. అందువల్ల 65 నుంచి 70 నిమిషాల బ్లాక్ సమయాన్ని ఈ మార్గానికి సహేతుకమైన అంచనాగా తీసుకోవచ్చు. అందులో దాదాపు సగానికి దూరంతో సంబంధం లేదు. విమానం 200 కిలోమీటర్లు వెళ్లినా 600 కిలోమీటర్లు వెళ్లినా ఆ భాగం ఇంచుమించు అంతే ఉంటుంది.

ఇక్కడ వచ్చే తొలి ప్రశ్న వేగం గురించి. టర్బోప్రాప్‌కు బదులు జెట్ నడిపితే సమయం బాగా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. ఎయిర్‌బస్ ఏ320 విహార వేగం గంటకు సుమారు 830 కిలోమీటర్లు. కాగితం మీద 312 కిలోమీటర్లు 23 నిమిషాల్లో పూర్తవ్వాలి. నిజానికి జెట్ విమానం తన విహార ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి దిగడానికే ఈ దూరంలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. పూర్తి వేగంతో ఎగిరే వ్యవధి కొద్ది నిమిషాలే. నేల మీది సమయం ఏమాత్రం తగ్గదు. కాబట్టి బ్లాక్ సమయంలో ఆదా పది, పదిహేను నిమిషాలకు మించదు. దానికి ప్రతిగా రెట్టింపుకు పైగా సీట్లు నింపాలి, ఇంధనం కూడా ఎక్కువ కాలుతుంది. తక్కువ దూరాలకు ఏటీఆర్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదే. దానికి పొట్టి రన్‌వే సరిపోవడం చిన్న విమానాశ్రయాలకు మరో సానుకూలత.

రెండో అంశం గాలి. నైరుతి రుతుపవన కాలంలో దిగువ, మధ్య ఎత్తుల్లో పడమటి గాలులు వీస్తాయి. కడప వైపు వెళ్లే విమానానికి అవి కొంత ఎదురు, తిరుగు ప్రయాణంలో కొంత తోడు. గంటకు 40 కిలోమీటర్ల పడమటి గాలి ఉందనుకుంటే, నైరుతి దిశలో వెళ్లే విమానానికి దాని ప్రభావం సుమారు 28 కిలోమీటర్లు. పోయేటప్పుడు రెండు నిమిషాలు పెరుగుతుంది, వచ్చేటప్పుడు రెండు నిమిషాలు తగ్గుతుంది. ఖండాంతర ప్రయాణాల్లో గంటల తేడా తెచ్చే గాలి ఇక్కడ నిమిషాల విషయమే. దానికంటే రన్‌వే దిశ ప్రభావం పెద్దది. గన్నవరం రన్‌వే ఇంచుమించు తూర్పు–పడమరలుగా ఉంది. కడప నుంచి వచ్చే విమానం పడమర వైపు నుంచి తూర్పు ముఖంగా దిగగలిగితే దారి నేరుగా ఉంటుంది. గాలి వల్ల పడమర ముఖంగా దిగాల్సి వస్తే విమానాశ్రయాన్ని దాటి తూర్పుకు వెళ్లి వెనక్కి తిరగాలి. శీతాకాలపు ఉదయాల్లో గన్నవరం పరిసరాల్లో పట్టే పొగమంచు మరో అంశం. అది గాల్లో తిరిగేలా చేసి గానీ, నేల మీద నిలిపి గానీ, మార్గంలోని మిగతా మార్పులన్నిటి కంటే ఎక్కువ ఆలస్యం తేగలదు. వీటన్నిటిలో ఒక్క గాలి తప్ప తక్కినవి విమానాశ్రయం దగ్గర పుట్టేవే. మధ్యలోని ఆకాశం ఈ మార్గానికి దాదాపు స్థిరమైన ఖర్చు.

మొత్తం ప్రయాణ సమయం, సమభేద రేఖ

ప్రయాణికుడు విమానం బయలుదేరడానికి కనీసం గంట ముందు విమానాశ్రయంలో ఉండాలి. బ్లాక్ సమయాన్ని 65 నుంచి 70 నిమిషాలుగా, కడపలో బయటికి వచ్చి ఊళ్లోకి చేరడానికి 45 నిమిషాలుగా తీసుకుంటే, విమానాశ్రయం గుమ్మం నుంచి లెక్కించినా 175 నిమిషాలు స్థిరంగా ఖర్చవుతాయి. రోడ్డు మీద సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు అనుకుంటే అదే కాలంలో కారు 160 కిలోమీటర్లు వెళ్తుంది. దీని నుంచి ఒక సూత్రం వస్తుంది. ఏ ఊరి నుంచైనా కడపకున్న రోడ్డు దూరంలోంచి గన్నవరానికున్న రోడ్డు దూరాన్ని తీసేస్తే 160 కిలోమీటర్ల కంటే ఎక్కువ మిగిలితే విమానం కాలాన్ని ఆదా చేస్తుంది, తక్కువ మిగిలితే కారే ముందు చేరుస్తుంది. సరిగ్గా 160 మిగిలే ఊళ్లను కలిపే రేఖను సమభేద రేఖ అనవచ్చు.

ఈ సూత్రాన్ని మైదానంలోని ఊళ్లకు వర్తింపజేస్తే ఫలితం ఇలా ఉంటుంది. గుంటూరు నుంచి గన్నవరం సుమారు 55 కిలోమీటర్లు, కడప సుమారు 335. తేడా 280. విమానం మీద దాదాపు నాలుగు గంటల్లో, కారులో ఆరు గంటల్లో కడప చేరవచ్చు, అంటే ఆదా రెండు గంటలు. చిలకలూరిపేట నుంచి గన్నవరం సుమారు 100, కడప సుమారు 300. తేడా 200, ఆదా ముప్పావు గంటకు పడిపోతుంది. మార్టూరు దగ్గర తేడా 160 దరిదాపుల్లోకి వస్తుంది, అక్కడ రెండు దారులూ సమానం. మేదరమెట్ల నుంచి తేడా వంద చుట్టూ ఉంటుంది కాబట్టి కారుదే పైచేయి. ఒంగోలు నుంచి గన్నవరం సుమారు 165 కిలోమీటర్లు, అదీ కడపకు వ్యతిరేక దిశలో. కడపకు నేరుగా రోడ్డు మీద సుమారు 230 కిలోమీటర్లు. విమానం కోసం ఈశాన్యానికి వెళ్లే ఒంగోలు ప్రయాణికుడు గంటన్నరకు పైగా నష్టపోతాడు.

ఈ లెక్క నుంచి తేలేది స్పష్టం. పర్చూరు, మార్టూరు, మేదరమెట్ల, చీమకుర్తి ఊళ్ల మీదుగా, లేదా వాటికి కొద్ది దూరంలో, రోజూ ఎగరగల విమానం ఆ ఊళ్ల వారికి పెద్దగా ఉపయోగపడదు. ఒక మార్గం కింద ఉండటం వేరు, ఆ మార్గపు సేవా పరిధిలో ఉండటం వేరు. పత్తి, మిరప మైదానంలో ఉత్తర భాగమైన గుంటూరు, తెనాలి, నరసరావుపేట ఈ మార్గం పరిధిలో ఉన్నాయి. ప్రకాశం భాగం చాలావరకు లేదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ విశ్లేషణ మీద కొన్ని ఆక్షేపణలు వస్తాయి. మొదటిది, ప్రయాణాన్ని కాలంతో మాత్రమే కొలవకూడదన్నది. ఆరు గంటలు కారులో కూర్చోవడం కంటే నాలుగు గంటల్లో సగం విమానాశ్రయంలో గడపడం వృద్ధులకు, రోగులకు సులువు. ఈ మాట నిజం. సమభేద రేఖ కాలానికి సంబంధించిన రేఖ మాత్రమే. సౌకర్యాన్ని కలిపితే అది కొంత దక్షిణానికి జరుగుతుంది. అయితే ఖర్చును కలిపితే తిరిగి ఉత్తరానికి వస్తుంది, ఎందుకంటే కారులో నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరికి పడే వ్యయం టికెట్ కంటే తక్కువ. ప్రతిరోజూ సర్వీసు లేని కాలంలో నిరీక్షణను కూడా లెక్కించాలి. వారానికి కొన్ని రోజులే విమానం ఉంటే, తప్పిన రోజున ఆదా చేసిన రెండు గంటలకు విలువ ఉండదు. ఈ సర్దుబాట్లు రేఖను కొన్ని కిలోమీటర్లు కదిలిస్తాయి, దాని స్వభావాన్ని మార్చవు.

రెండో ఆక్షేపణ మరింత బలమైంది. కొసలే సమస్య అయితే మైదానం మధ్యలోనే విమానాశ్రయం కట్టాలి కదా అంటుంది అది. ఒంగోలు సమీపంలోని కొత్తపట్నం మండలంలో, నెల్లూరు జిల్లా దగదర్తిలో, దొనకొండ పాత క్షేత్రంలో విమానాశ్రయాల ప్రతిపాదనలు ఈ తర్కం మీదే నిలుస్తాయి. ఒంగోలు వాసికి మూడు గంటల రోడ్డు ప్రయాణం తప్పుతుందన్నది కాదనలేని ప్రయోజనం. కానీ ప్రయోజనం గమ్యాన్ని బట్టి మారుతుంది. ఒంగోలు–కడప సరళ దూరం సుమారు 175 కిలోమీటర్లు. అంత తక్కువ దూరానికి స్థిర సమయమే రెండున్నర గంటలు పోతుంది, రోడ్డు మీద నాలుగు గంటలకు పైగా. ఆదా ఉన్నా, నిలకడగా సీట్లు నింపేంత రాకపోకలుండాలి. ఉడాన్ పథకం తొలి రూపంలో సాధారణ మార్గాలకు కనీస దూర పరిమితి ఉండటాన్ని కూడా ఇలాంటి లెక్కతో అర్థం చేసుకోవచ్చు. ఒంగోలు నుంచి హైదరాబాద్ సరళ దూరం సుమారు 260 కిలోమీటర్లు, బెంగళూరు ఇంకా దూరం. కొత్త విమానాశ్రయం నిలబడితే ఆ నగరాల మీద, అక్కడి నుంచి మారే ప్రయాణికుల మీద నిలబడుతుంది. ప్రాంతీయ విమానాశ్రయాలను ఒకదానితో ఒకటి కలపడం దానికి అదనపు ప్రయోజనమే అవుతుంది.

మూడో ఆక్షేపణ రోడ్డు వైపు నుంచి వస్తుంది. బెంగళూరు–కడప–విజయవాడ ఆరు వరుసల ఎక్స్‌ప్రెస్‌వే కడప, ప్రకాశం ప్రాంతాల గుండా వచ్చి ముప్పవరం వద్ద చెన్నై–కోల్‌కతా రహదారిలో కలిసేలా రూపొందింది. అది పూర్తయ్యాక విమానానికి చోటుంటుందా అన్నది ప్రశ్న. ఆ రోడ్డు మీద సగటు వేగం 80 కిలోమీటర్లు అనుకుంటే గుంటూరు నుంచి కడపకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది, విమానానికీ అంతే. అంటే సమభేద రేఖ మార్టూరు నుంచి గుంటూరు పరిసరాలకు జరుగుతుంది. విమానానికి కాలపరమైన ఆధిక్యం విజయవాడ, గన్నవరం పరిసరాలకు, గన్నవరంలో మరో విమానం మారేవారికి మిగులుతుంది. ఈ ఆక్షేపణ ప్రధాన వాదాన్ని ఖండించదు, బలపరుస్తుంది. ఆకాశంలో ఒక్క కిలోమీటరు మారకుండానే నేల మీది మార్పు వల్ల మార్గం సేవా పరిధి సగానికి తగ్గగలదు. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గం కూడా దశలవారీగా పూర్తయ్యే కొద్దీ పల్నాడు, ప్రకాశం మెట్ట ప్రాంతాల ప్రయాణాలను ఇదే తీరున మారుస్తుంది.

ఆర్థిక అమరిక

ఉడాన్ పథకంలో సంస్థలు వేలం ద్వారా మార్గాలు పొందుతాయి. సుమారు గంట ప్రయాణానికి, విమానంలో సగం సీట్ల వరకు, తొలుత 2,500 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించారు. ఆ ధరకూ నిర్వహణ ఖర్చుకూ మధ్య లోటును మూడేళ్లపాటు లోటు భర్తీ నిధి పూరిస్తుంది. అందులో ప్రధాన భాగం కేంద్రానిది, మిగిలింది రాష్ట్రానిది. పథకంలోని విమానాశ్రయాల్లో ఇంధనంపై రాష్ట్ర పన్నును ఒక శాతానికి తగ్గించాలన్నది మరో షరతు. ఈ సాయం అవసరమవడానికి మూలం కూడా కాల విభజనలోనే ఉంది. విమానం ఒక గంట బ్లాక్ సమయంలో సగం కాలం నేల మీద, లేదా తక్కువ వేగంతో గడిపితే, రోజుకు అది సంపాదించే సీట్–కిలోమీటర్లు తగ్గుతాయి. సిబ్బంది వేతనం, నిర్వహణ, దిగినందుకు చెల్లించే రుసుములు మాత్రం తగ్గవు. దూరం తగ్గే కొద్దీ కిలోమీటరుకు ఖర్చు పెరగడం సంస్థ అసమర్థత వల్ల వచ్చేది కాదు, తక్కువ దూరపు విమానయానపు నిర్మాణంలోనే ఉంది. ఈ సాయం ప్రజాధనం కాబట్టి, అది ఎంత విస్తీర్ణంలో ఎందరికి నిజమైన కాలాన్ని ఆదా చేస్తున్నదో కొలవడం న్యాయం. బ్లాక్ సమయం ఆ కొలతను ఇవ్వదు, మొత్తం ప్రయాణ సమయమే ఇస్తుంది.

సరుకు రవాణా

మైదానపు ప్రధాన సరుకులైన ఎండుమిర్చి, పత్తి బేళ్లు విమాన మార్గం మీద ఆధారపడవు. ఎండుమిర్చి గుంటూరు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి నిలవ ఉంటుంది, పత్తికీ తొందర లేదు. బరువుతో పోలిస్తే విలువ తక్కువ కావడంతో వీటికి లారీ, రైలు, ఓడ అనువైనవి. 2020 జూలైలో గుంటూరు సమీపంలోని రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలులో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. ప్రయాణికుల ఏటీఆర్ విమానం పూర్తి మోత సామర్థ్యం ఏడున్నర టన్నుల దాకా ఉంటుంది. ఆ ఒక్క రైలు సరుకు మోయడానికి యాభైకి పైగా విమానాలు కావాలి. కాబట్టి ఈ ప్రాంతంలో విమానాశ్రయాల అవసరాన్ని మిర్చి, పత్తి దిగుబడుల పేరుతో సమర్థించడం సరికాదు. ఈ వాణిజ్యానికి విమానం చేసే సేవ వేరు. కొనుగోలుదారులు, ఎగుమతిదారులు, విత్తన సంస్థల వారు, లాం వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వచ్చే శాస్త్రవేత్తలు సకాలంలో చేరడానికి అది తోడ్పడుతుంది. వారిలో ఎక్కువమంది హైదరాబాద్, ముంబై, ఢిల్లీ వైపు నుంచి వస్తారు. కడప మార్గానికి ఆధారం ప్రధానంగా రాజధానితో పనులున్న ఉద్యోగులు, వ్యాపారులు, వైద్యం, చదువుల కోసం తిరిగేవారు.

అత్యవసర రన్‌వే

మార్గరేఖకు సమీపంలోనే, జాతీయ రహదారి మీద కొరిశపాడు ప్రాంతంలో పిచికలగుడిపాడు–రేణంగివరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న అక్కడ వైమానిక దళం తొలి పరీక్ష జరిపింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దాని మీద దిగాయి, సుఖోయ్-30, హాక్ విమానాలు విన్యాసంలో పాల్గొన్నాయి. ఇది పౌర విమానాశ్రయం కాదు. టెర్మినల్, శాశ్వత నావిగేషన్ సదుపాయాలు, భద్రతా తనిఖీ వ్యవస్థ లేవు, రహదారిని మూసివేస్తే తప్ప వాడలేరు. రక్షణ అవసరాలకు, తుఫాను వంటి విపత్తుల్లో సహాయక చర్యలకు దీన్ని ఉద్దేశించారు. రన్‌వే పొడవు ఒక్కటే విమానాశ్రయాన్ని చేయదనడానికి ఇది మంచి నిదర్శనం. సమభేద రేఖకు అంత దగ్గరలో ఇంత పొడవైన రన్‌వే ఉన్నా, ప్రయాణికుడి కాలాన్ని తీసుకునే, తగ్గించే ఏర్పాట్లన్నీ రన్‌వే బయటే ఉంటాయి.

ప్రాధాన్యం

గన్నవరం–కడప మార్గం చిన్నది. అయినా దేశంలోని ప్రాంతీయ విమాన మార్గాలన్నిటికీ వర్తించే ఒక నియమాన్ని కొలవదగిన రూపంలో చూపుతుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో, విమానం వేగాన్ని అరవై శాతం పెంచినా దక్కేది పదిహేను నిమిషాలు. విమానాశ్రయానికి వెళ్లే రోడ్డును బాగుచేసినా, సమయానికి బస్సు నడిపినా, తనిఖీ సమయాన్ని తగ్గించినా అంతే ఆదా తక్కువ ఖర్చుతో వస్తుంది. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేటల నుంచి విమాన వేళలకు అనుగుణంగా గన్నవరానికి నేరుగా బస్సులు నడిపితే ఈ మార్గం పరిధి రన్‌వేకు ఒక్క మీటరు కలపకుండానే విస్తరిస్తుంది. విమానాశ్రయాలు ప్రకటించే సమాచారంలో సరళ దూరం, బ్లాక్ సమయాలతో పాటు చుట్టుపక్కల ప్రధాన పట్టణాల నుంచి మొత్తం ప్రయాణ సమయం కూడా ఉంటే ప్రయాణికుడు సరైన దారి ఎంచుకోగలడు. ప్రభుత్వం కూడా ఏ మార్గానికి సాయం చేయాలో, ఎక్కడ కొత్త విమానాశ్రయం కట్టాలో, ఎక్కడ రోడ్డో రైలో మేలో ఒకే కొలమానంతో పోల్చి నిర్ణయించగలుగుతుంది.